సమస్య: తిన్న నోటనె మలమును దీసివేయు

ఈ వారం పూరణకిచ్చిన తేటగీతి పాదం ఇది, మిగతా మూడు పాదాలూ మీరు రాయాలి. మూడో పాదంగా అయినా, నాలుగోదిగా అయినా వాడుకోండి. తిట్లు, శాపాలు వద్దండి. అంతర్వేది ఒడ్డునో ఓడలరేవు దగ్గరో కనబడే జెల్లీ చేపలు, వాటిలాంటి జీవుల మీదే పూరించాలి, వాటి పొట్ట నిర్మాణం మాత్రం తప్పకూడదు.

అమలాపురం నుంచి:

కడలి యలలపైఁ దేలెడి గాజు గొడుగు
కడుపు నొక్కటె, తలుపును గల దొకండె
యదియె రాకపోకల దారి యగును గాన
తిన్న నోటనె మలమును దీసివేయు

– యతులు కుదిరాయి, ధార బాగుంది. "రాకపోకల దారి" దగ్గరే చిక్కు విడిపోయింది. కానీ లోపల ఏం జరుగుతుందో చెప్పలేదు, నాకు కావలసింది ఆ భాగమే.

పాలకొల్లు నుంచి (మూన్ జెల్లీ అనే జెల్లీ చేప మీద):

జఠరమందున నాలుగు సంచు లుండు
కాలువలఁ బాఱి యాహారకణము లరిగి
యొడలి కందును; మిగిలిన యొట్టి పిప్పి
తిన్న నోటనె మలమును దీసివేయు

– మొదటి రెండు పాదాలూ చాలా నచ్చాయి. మూడోదానిలో పిప్పి, నాలుగోదానిలో మలము, రెండూ ఒకటే కావడంతో అన్వయం తెగింది. "మిగిలిన దొకటఁ జేర్చి" అంటే సరిపోతుంది, ఒ-దొ యతి కూడా చెల్లుతుంది. ఇంకో మాట: అరగడం కాలువల్లో మొదలు కాదండి, సంచుల్లోని సన్నని తంతువులు ఎంజైములు వదిలి ఆహారాన్ని ముందే ముక్కలు చేస్తాయి, ఆ ముక్కల్ని లోపలి పొర కణాలు మింగి మిగతా పని పూర్తి చేస్తాయి. కాలువల్లో నీటిని కదిలించేది కణాల మీది నూగు, గుండె లేదు, రక్తమూ లేదు.

నరసాపురం నుంచి: మాస్టారూ, "తలుపును గల దొకండె" అన్ని జెల్లీలకూ చెల్లదండి. రైజోస్టోమ్ అనే రకం జెల్లీ చేపల్లో పెద్దయ్యాక నడిమి నోరు ఉండదు, చేతుల నిండా చిన్న చిన్న నోళ్లే. దువ్వెన జెల్లీల సంగతి ఇంకా వేరు, అందుకే నా పూరణలో సమస్య మూడో పాదం:

దువ్వెనల జెల్లి కున్నది తూము వెనుక
మలము పోయినఁ దానుగా మాయమగును
తిన్న నోటనె మలమును దీసివేయు
ననుట యెల్లెడఁ జెల్లునే యరసిచూడ

– భలే! ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. దువ్వెన జెల్లీలు జెల్లీ చేపలుండే నిడేరియా వర్గం కాదు, టీనోఫోరా అనే వేరే వర్గం, కాబట్టి మీ ఆక్షేపణ న్యాయం. అయితే రంధ్రం విసర్జన వేళకు ఏర్పడి మళ్లీ మాయమవడం 2019లో సిడ్నీ టామ్ అనే శాస్త్రవేత్త నెమియాప్సిస్ లైడీ అనే దువ్వెన జెల్లీ జాతిలో వివరించిన విషయం, దాన్ని అన్ని దువ్వెన జెల్లీలకూ అంటగట్టకుండా పద్యం పైన ఆ జాతి పేరు రాయండి. సముద్రపు ఎనిమోన్ (పువ్వులా కనబడే, జెల్లీ చేపల వర్గపు జీవి) మీద ఎవరూ రాయలేదు, దానికీ వాకిలి ఒకటే, పొట్టను నిలువుగా పంచే పొరలు పద్యంలోకి రావాలి. రేపటి దాకా ఎదురుచూస్తాను.