జాన్సన్ మాస్టర్ పాటలతో గంటన్నర కార్యక్రమం: ఏం వాయించాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి?

శ్రుతిపెట్టె_చిక్కడపల్లి:
ఆగస్టు 18 మలయాళ సినిమా సంగీత దర్శకుడు జాన్సన్ మాస్టర్ వర్ధంతి. ఆ వారాంతం ఇక్కడ చిక్కడపల్లిలో చిన్న హాల్లో కార్యక్రమం పెడుతున్నాం. కీబోర్డు, గిటారు, వేణువు, వయొలిన్, తబలా. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు. వచ్చేవాళ్లు ఎక్కువమంది తెలుగువాళ్లే. ఓటీటీలో మలయాళం సినిమాలు చూస్తారు గానీ పాత సంగీత దర్శకుల పేర్లు తెలియవు. పాటలు ఏవి తీసుకోవాలి, వ్యాఖ్యానంలో ఏం చెప్పాలి, నేపథ్య సంగీతం కూడా వాయించొచ్చా?

నెల్లిక్కున్ను_టు_నల్లకుంట:
ముందు వ్యాఖ్యానం సంగతి చూడండి, తప్పులు దొర్లేది అక్కడే. పుట్టింది 1953 మార్చి 26న, త్రిశ్శూర్ నెల్లిక్కున్నులో. చర్చి గాయక బృందంతో మొదలై, గిటారు, హార్మోనియం పట్టి, ‘వాయిస్ ఆఫ్ త్రిచూర్’ అనే ఆర్కెస్ట్రా నడిపారు. గాయకుడు పి. జయచంద్రన్ ద్వారా సంగీత దర్శకుడు జి. దేవరాజన్ మాస్టర్‌కి పరిచయమై, మద్రాసు వెళ్లి ఆయన దగ్గరే సహాయకుడిగా చేరారు. 1978లో భరతన్ తీసిన ‘ఆరవం’కి నేపథ్య సంగీతం, 1981లో ‘ఇణయె తేడి’కి పాటలు. వరస చూశారా, ముందు నేపథ్యం, తర్వాతే పాట. ఆయన గొప్పతనం నా లెక్కన మొదటిదాంట్లోనే ఎక్కువ. 2011లో చెన్నైలో పోయారు.

జాతీయ అవార్డులు రెండు. 1993కి ‘పొంతన్ మాడ’ సంగీతానికి, 1994కి ‘సుకృతం’ నేపథ్య సంగీతానికి. ‘సుకృతం’ పాటలు బాంబే రవివి! ఆ సినిమా పాట పాడి ‘జాన్సన్‌కి అవార్డు తెచ్చిన పాట’ అన్నారంటే హాల్లో ఉన్న ఒక్క మలయాళీ చాలు, పరువు పోవడానికి. నేపథ్య సంగీతానికి విడిగా జాతీయ అవార్డు ఇవ్వడం అదే మొదలు. మళ్లీ 2009 సంవత్సరానికి ‘పళశ్శిరాజా’తో ఇళయరాజాకి వచ్చింది.

ఇలాంటివే ఇంకో రెండు. ‘మణిచిత్రతాళ్’ (మన ‘చంద్రముఖి’కి మూలం) పాటలు ఎం.జి. రాధాకృష్ణన్‌వి, ‘తూవానత్తుంబికళ్’ పాటలు పెరుంబావూర్ జి. రవీంద్రనాథ్‌వి. రెండింటికీ నేపథ్యం మాత్రం జాన్సన్. పాటల యాప్‌లో పేరు కొట్టి జాబితా చేసుకుంటే ఇవి అసలు కనిపించవు. టైటిల్స్‌లో ‘సంగీతం’, ‘నేపథ్య సంగీతం’ అని రెండు పేర్లు విడిగా పడతాయి, అవి చూసి ఖాయం చేసుకోండి.

కీబోర్డు_నల్లమెట్లు:
గంటన్నరకి తొమ్మిది పాటలు మించొద్దు. పాటకి ఐదు నిమిషాలు, మాటలకి ఇరవై, నేపథ్యానికి పన్నెండు, మిగతాది శ్రుతులు సరిచూసుకోవడానికే పోతుంది. మగగొంతుకి ‘ఆకాశమాకే’ (1986, నముక్కు పార్క్కాన్ ముంతిరి తోప్పుకళ్), ‘కన్నీర్‌పూవింటె’ (1989, కిరీడం), ‘దేవాంగనంగళ్’ (1991, ఞాన్ గంధర్వన్). ఆడగొంతుకి జానకమ్మ ‘స్వర్ణముకిలే’, చిత్ర పాడిన ‘తంకత్తోణి’, ‘రాజహంసమే’. ఈ ఆరూ తప్పనిసరి, మిగతా మూడు మీ గొంతుల్ని బట్టి.

‘రాజహంసమే’ (1993, చమయం) హిందోళం రాగం. రిషభం (రి), పంచమం (ప) ఉండవు. శ్రుతిపెట్టె స-ప మీద వదిలేస్తే పాటంతా పంచమం మోగుతూనే ఉంటుంది. స-మకి మార్చండి. కీబోర్డు ఎడమచెయ్యితో ఇంకో చిక్కు. షడ్జం సి అనుకుంటే స్వరాలు సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. అలవాటుగా సి మైనర్ కార్డు పట్టారంటే మధ్యలో జి, అంటే పంచమమే. ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్ రెండూ రాగంలోనే ఉంటాయి. వాటితో నడిపిస్తే చాలు.

ఏసుదాసు పాటలు మీ గాయకుడికి ఎత్తనిపిస్తే రెండు మెట్లు దించండి. కీబోర్డుకి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట ఉంది. గిటారుకి కాపో (మెడ మీద తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెడితే శ్రుతి పైకే పోతుంది, కాబట్టి దించాలంటే కార్డులు మార్చి రాసుకోవాల్సిందే. వేణువుకి వేరే శ్రుతి వేణువే కావాలి. పాటల వరస ఖాయం చేశాకే వేణువు వాయించే ఆయనకి శ్రుతుల జాబితా ఇవ్వండి, ముందురోజు మార్చి ఆయన్ని ఏడిపించకండి. పాట అవగానే ట్రాన్స్‌పోజ్ సున్నాకి తేవాలి. తేకపోతే తర్వాతి పాట ఎత్తుగడలోనే తబలా ఒక శ్రుతి, కీబోర్డు ఒక శ్రుతి.

గల్లీ_గిటార్:
అన్నా, మన విద్యాసాగర్‌వి ఒకట్రెండు కలపరాదు? ‘అళకియ రావణన్’కి కేరళ రాష్ట్ర అవార్డు కూడా కొట్టిండు. తెలుగువాళ్లు ఇట్టే పట్టుకుంటరు. ఇంకోటి, టికెట్ పెట్టినా పెట్టకున్నా బయట హాల్లో పాటలు పాడుతున్నరంటే ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు ముందే చూస్కోండ్రి. సినిమా ముక్కలు తెర మీద ఏస్తే దానికి హక్కులున్నోళ్లను వేరే అడగాలె.

నెల్లిక్కున్ను_టు_నల్లకుంట:
విద్యాసాగర్‌కి వేరే సాయంత్రం పెట్టొచ్చు తమ్ముడూ, ఇందులో కలిపితే రెండూ పలచబడతాయి. లైసెన్సు మాట మాత్రం నూటికి నూరుపాళ్లు.

శ్రుతిపెట్టె_చిక్కడపల్లి:
జాన్సన్ ఒక్కరే, ఖాయం. ‘తూవానత్తుంబికళ్’ నేపథ్యం విని స్వరాలు రాసుకుందామని మాటలు తీసేసే ఆప్షన్ వాడితే శబ్దమే పోతోంది. ఎందుకు?

కీబోర్డు_నల్లమెట్లు:
ఆ కాలం సౌండు చాలావరకు మోనో అండీ, అంటే ఎడమ, కుడి రెండింట్లోనూ ఒకటే శబ్దం. మామూలు కరావోకే ఆప్షన్ ఎడమ నుంచి కుడిని తీసేస్తుంది. రెండూ ఒకటే అయినప్పుడు మిగిలేది సున్నా. కొత్తగా వచ్చిన ఏఐ యాప్‌లు మోనోలోనూ విడదీస్తాయి గానీ మాటలతోపాటు వేణువునీ కాస్త కొరికేస్తాయి, వానచప్పుడు అలాగే ఉంచేస్తాయి. మాటల్లేని చోట్లు వెతికి పది, పదిహేను సెకన్ల ముక్కలు కత్తిరించి సగం వేగంలో తిప్పితిప్పి వినండి. ముందు కింది స్వరం రాయండి, తర్వాత పై వరస. వయొలిన్లు గుంపుగా ఉన్నచోట మీ ఒక్క వయొలిన్‌కి పై వరస ఇచ్చి, మిగతాది కీబోర్డు స్ట్రింగ్స్‌లో తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. తబలా ఈ పన్నెండు నిమిషాలూ ఖాళీగా కూర్చున్నా పర్వాలేదు.