పిల్లలతో మారేడుమిల్లి అడవికి: ప్రథమ చికిత్స సంచిలో ఏమేం ఉండాలి?

ప్రశ్న: కాకినాడ అమ్మ

నమస్కారం. డిసెంబరులో మూడు రోజుల పాటు మారేడుమిల్లి వెళ్లి, వాగు పక్కన గుడారాల్లో ఉండాలని అనుకుంటున్నాం. పాపకు ఏడేళ్లు, బరువు 22 కిలోలు. బాబుకు మూడేళ్లు, బరువు 13 కిలోలు. ఆన్‌లైన్‌లో కొన్న ప్రథమ చికిత్స పెట్టె తెరిచి చూస్తే దూది, నాలుగు బ్యాండ్‌ఎయిడ్‌లు, ఒక మొండి కత్తెర, గడువు తేదీ చెరిగిపోయిన ట్యూబు కనిపించాయి. అత్తయ్య పసుపు, కాఫీపొడి పొట్లాలు కట్టిచ్చారు. మావారు పాముకాటు ఇంజెక్షన్ కూడా వెంట ఉంచుకుందామంటున్నారు. సిగ్నల్ సరిగా అందని చోట నిజంగా అక్కరకు వచ్చేవి ఏవో, మోతకు తప్ప పనికిరానివి ఏవో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: అమలాపురం ఫార్మసిస్టు

అమ్మా, మందుల విషయం వరకు నేను చెబుతాను. పారాసిటమాల్ సిరప్ కొనేటప్పుడు సీసా మీద 5 మిల్లీలీటర్లకు ఎంత మందు ఉందో తప్పక చూడండి, ఎందుకంటే 125 మిల్లీగ్రాములదీ 250 మిల్లీగ్రాములదీ ఒకే రంగు అట్టపెట్టెలో పక్కపక్కనే ఉంటాయి. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు మించకూడదన్న లెక్కన మీ బాబుకు ఒకసారికి 195 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 250 సీసాలో నాలుగు మిల్లీలీటర్ల లోపే. 125 సీసాకు అలవాటుపడిన చేత్తో ఏడున్నర పోస్తే దాదాపు రెట్టింపు మోతాదు లోపలికి వెళ్తుంది. పాపకు అదే 250 సీసాలో ఆరున్నర సరిపోతుంది కాబట్టి ఇద్దరికీ ఒకే సీసా తీసుకెళ్లండి. ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య ఆరు గంటలు ఆగాలి. బయలుదేరే ముందే మీ పిల్లల డాక్టరుకు ఈ లెక్క చూపించి, సీసాకు అంటించిన కాగితం మీద ఇద్దరి పేర్లూ కొలతలూ రాసుకోండి. అర్ధరాత్రి టార్చిలైటు వెలుతురులో, ఏడ్చే పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని గుణకారాలు చేయడం ఎవరికీ కుదరదు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వకండి.

ఓఆర్‌ఎస్‌లో 200 మిల్లీలీటర్ల నీటికి సరిపోయే చిన్న ప్యాకెట్లు తీసుకోండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి ఉద్దేశించినది. దాన్ని గ్లాసులో కొంచెం కొంచెం వేసి కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. బొంగులో చికెన్ పెద్దలకు ఎంత రుచైనా మూడేళ్ల కడుపు ఏమంటుందో చెప్పలేం, ఆరు ప్యాకెట్లు ఉండనివ్వండి. ఘాట్ రోడ్డు మలుపులకు వాంతుల మందు కావాలంటే అది కూడా డాక్టరు రాసినదే వాడండి.

జవాబు: కొండదారి మాస్టారు

ఏటా పిల్లలను తీసుకుని కొండలెక్కే ఉపాధ్యాయుణ్ణి. ముందుగా ఆ దూది పక్కన పెట్టండి. ఒకసారి జలపాతం దగ్గర పాచిరాళ్ల మీద జారి మా అబ్బాయి మోకాలు చీరుకుపోతే, నేను కంగారులో దూది అద్దాను. ఆ పీచు గాయంలో అతుక్కుని, తర్వాత నర్సమ్మ ఒక్కొక్క పోగూ లాగుతుంటే వాడు పెట్టిన కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. గాయం మీద పెట్టేది గాజుగుడ్డ. అంతకంటే ముఖ్యం కడగడం. తాగే నీటి సీసా మూతకు సూదితో రంధ్రం చేసి, సీసా నొక్కి ఆ ధారతో ఇసుకంతా పోయేదాకా కడిగిన తర్వాతే కట్టు కట్టాలి. పసుపు, కాఫీపొడి వంటకు ఉంచండి. అవి వేస్తే గాయం లోతు కూడా డాక్టరుకు కనబడదు. పెద్దావిడ మనసు నొచ్చుకోకుండా ఎలా చెబుతారో మీకే తెలియాలి.

తడిలో బ్యాండ్‌ఎయిడ్ నిలవదు కాబట్టి రోలర్ బ్యాండేజీ, కాగితపు టేపు, మడమ బెణికితే చుట్టడానికి క్రేప్ బ్యాండేజీ, ముళ్లు తీయడానికి మొన సన్నగా ఉన్న పట్టకారు, డిజిటల్ థర్మామీటరు పెట్టుకోండి. సామానంతా ఒకే సంచిలో వేసి కారులో వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. కడగడానికీ కట్టడానికీ కావలసినంత మటుకు ఒక చిన్న జిప్ సంచిలో వేసి, పిల్లల వెంట నడిచే పెద్దవారి నడుముకు కట్టుకోవాలి. కోతి కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పారే నీటిలో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు బయలుదేరండి. కాబట్టి ఒక సబ్బుబిళ్ల కూడా చేర్చండి.

జవాబు: ఏజెన్సీ నర్సు

పాముకాటు మందు సంచిలో పెట్టుకునేది కాదండి. దాన్ని సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కిస్తారు; ఎక్కించేటప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటివి వస్తే వెంటనే అడ్రినలిన్ ఇవ్వగల మనిషి పక్కన ఉండాలి. పైగా పిల్లవాడి ఒంట్లోకి వెళ్లిన విషం పెద్దవాడికి ఎక్కేదానికంటే తక్కువేమీ కాదు గనుక పిల్లలకూ పెద్దల మోతాదే పడుతుంది, ఒకటి రెండు సీసాలతో తీరదు. మీరు చేయగలిగిందల్లా కాలి పట్టీలు, గాజులు వాపు రాకముందే తీసేసి, కాటు పడ్డ కాలిని కర్రకు ఆనించి చున్నీతో వదులుగా కట్టి, బిడ్డను నడవనివ్వకుండా ఎత్తుకుని వాహనం ఎక్కించడం. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పామును వెతుకుతూ తిరగడం వద్దు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పిగానీ గాటుగానీ కనబడకపోవచ్చు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అజీర్ణం అనుకోకండి. దోమతెర అంచులను పరుపు కిందకు దోపి పడుకోబెడితే దోమతో పాటు ఈ భయమూ చాలావరకు తగ్గుతుంది.

తేలు కుట్టినప్పుడు పిల్లలకు చెమటలు పట్టి, చేతులు కాళ్లు చల్లబడి, వాంతులైతే నాటుమందు కోసం ఆగకుండా ఆసుపత్రికి రండి. ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తుంది, దానికి ప్రాజోసిన్ అనే మందు ఉంది. మారేడుమిల్లికి ముందే వచ్చే రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడే దాని ముందు ఒకసారి కారు ఆపి దారి చూసుకోండి.

కాకినాడ అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. 250 సీసా, గాజుగుడ్డ, సబ్బు కొన్నాను. కాఫీపొడి పొట్లం మావారి పొద్దుటి కాఫీకి కేటాయించాను. నర్సు గారూ, మలేరియాకు ముందుగా ఏదైనా మందు వేయాలా?

ఏజెన్సీ నర్సు

అది మీ పిల్లల డాక్టరు నిర్ణయించాలి. మీ వంతుగా పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేసి, దోమల క్రీము వేళ్లకూ కళ్ల దగ్గరా తగలకుండా రాయండి. తిరిగి వచ్చాక నెలా రెండు నెలల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, మూడు రోజులు చూద్దామనుకోకుండా, ఏజెన్సీకి వెళ్లివచ్చామని చెప్పి మొదటి రోజే మలేరియా రక్తపరీక్ష చేయించండి. అడగకపోతే కాకినాడలో ఎవరికీ ఆ అనుమానం రాకపోవచ్చు.