ప్రాంప్ట్ ప్రీసెట్లు దాచుకోవాలా, ప్రతిసారీ కొత్తగా రాయాలా?

కథలబొమ్మ:
పిల్లల కథలకు స్టేబుల్ డిఫ్యూజన్‌తో (మనం రాసే మాటలను, అంటే ప్రాంప్ట్‌ను, చదివి బొమ్మ చేసే ఏఐ మోడల్) బొమ్మలు చేస్తున్నాను. దాన్ని నడిపే ఆటోమేటిక్1111 ప్రోగ్రామ్‌లో 'పల్లెకథ' పేరుతో ఒక స్టైల్, అంటే ప్రతి బొమ్మకూ వాడుకునే ప్రాంప్ట్ ప్రీసెట్, దాచుకున్నాను. అందులో వాటర్‌కలర్, పొద్దుటి ఎండ, మెత్తటి అంచులు, 'మాస్టర్‌పీస్', 'బెస్ట్ క్వాలిటీ', వేళ్లు వంకర పోకుండా ఒక నెగెటివ్ ప్రాంప్ట్ (బొమ్మలో ఏం రాకూడదో చెప్పేది) ఉన్నాయి. మొదట్లో చాలా హాయిగా ఉండేది. నిన్న పన్నెండు కథల బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. అవ్వకూ, మనవరాలికీ, చేపలు పట్టేవాడి భార్యకూ ఒకటే ముఖం. వాన కథలో కూడా పొద్దుటి ఎండే! ప్రీసెట్ మొత్తం తీసేయాలనిపిస్తోంది. మీరేమంటారు?

ఫ్లెక్సీపని:
తీసేయకండి మేడమ్. పెళ్లిళ్ల సీజన్‌లో కస్టమర్ మా ఎదురుగానే కూర్చుని ఉంటాడు. మండపం, అరటి చెట్లు, బంతిపూల తోరణాలు అని ప్రతిసారీ మొదటి నుంచి టైప్ చేస్తే పని సాగదు. పేర్లు మాత్రం ఏఐకి వదలం, ఒత్తులు చెడగొడుతుంది, వాటిని విడిగా వేసుకుంటాం. అన్న పెళ్లికి చేసినట్టే తమ్ముడి పెళ్లికీ కావాలని అడుగుతారు. ఒకేలా రావడమే మాకు కావాలి.

నిదానం:
ఫ్లెక్సీకి అది సరే, కథకు సరిపోదు. పైగా ఆ ప్రీసెట్‌లో 'మాస్టర్‌పీస్' ఎందుకు పెట్టారండీ? ఎవరో పెట్టారని మనమూ పెడతాం, తర్వాత తీయడానికి భయపడతాం. 2022 నవంబరులో స్టేబుల్ డిఫ్యూజన్ 2.0 వచ్చినప్పుడు మన మాటలను చదివే భాగాన్నే, అంటే క్లిప్‌నే, మార్చి ఓపెన్‌క్లిప్ పెట్టారు. చిత్రకారుల పేర్లు పేర్చి దాచుకున్న ప్రాంప్ట్‌లు అంతకు ముందులా పనిచేయలేదు. 2023 డిసెంబరులో మిడ్‌జర్నీ అనే మరో బొమ్మల ఏఐ వాళ్లు ఆరో వెర్షన్ ఇచ్చినప్పుడు '4కె', '8కె', 'అవార్డ్ విన్నింగ్' లాంటివి రాయొద్దని, ప్రాంప్ట్ రాయడం మళ్లీ నేర్చుకోవాలని వాళ్లే చెప్పారు. ఏ మాట ఏం చేస్తుందో తెలియకుండా దాచుకుంటే, మోడల్ మారినప్పుడు ఏది తీయాలో కూడా తెలియదు. నేను ప్రతి బొమ్మకూ కొత్తగానే రాస్తాను.

గుర్తులపుస్తకం:
నిదానం గారూ, మాటల గురించి మీరన్నది నిజమే, కానీ ముఖాల తప్పు ప్రీసెట్‌ది కాదు. ఉత్త 'అవ్వ' అని రాస్తే మోడల్ తనకు అలవాటైన ముఖమే ఇస్తుంది. ఎండ సంగతి వేరు, అది కథకు చెందింది. దాన్ని ప్రీసెట్‌లో పెట్టకూడదు. రంగు వేసే పద్ధతి, నెగెటివ్ ఉంటే చాలు.

ఇంకోటి చూడండి. స్టైల్‌లో ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య 'ప్రాంప్ట్' అని ఉంటే మీ వాక్యం ఆ చోట కూర్చుంటుంది. లేకపోతే స్టైల్ మొత్తం మీ వాక్యం వెనక అతుక్కుంటుంది. క్లిప్ ఒక విడతలో తీసుకునేది 75 టోకెన్లే (మాటలు, మాటల ముక్కలు), అది దాటిందంతా ఇంకో ముక్కగా వెళ్తుంది. అందుకే ప్రీసెట్ పొట్టిగా ఉండాలి.

అసలు నేను ప్రీసెట్ కంటే బొమ్మ ఫైల్‌నే నమ్ముతాను. ఆటోమేటిక్1111 ఇచ్చే పీఎన్‌జీలో ప్రాంప్ట్, సీడ్ (బొమ్మ ఏ సంఖ్యతో మొదలైందో అది), శాంప్లర్ (బొమ్మను అంచెలంచెలుగా తేల్చే పద్ధతి), మోడల్ గుర్తు అన్నీ ఉంటాయి. ఆ ప్రోగ్రామ్‌లోనే ఉండే పీఎన్‌జీ ఇన్ఫో ట్యాబ్‌లో పడేస్తే చదువుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన కాపీలో అవి మిగలవు, అసలు ఫైల్ జాగ్రత్త.

ఫ్లెక్సీపని:
ఈ పీఎన్‌జీ సంగతి మాకు తెలియదు అన్నా. పాత పెళ్లి బొమ్మలు ఫోన్‌లో వాట్సాప్ కాపీలే మిగిలాయి. ఇక నుంచి ఫోల్డర్ చేస్తాను.

నిదానం:
పద్ధతి వరకు దాచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఏ మోడల్‌కు రాశారో ప్రీసెట్ పేరులోనే పెట్టండి.

కథలబొమ్మ:
రాత్రి కూర్చుని ఎండ, 'మాస్టర్‌పీస్', 'బెస్ట్ క్వాలిటీ' తీసేశాను. సీడ్ మార్చకుండా చూస్తే క్వాలిటీ మాటలు పోయినందుకు నా కంటికి తేడా కనిపించలేదు. అవ్వకు ఊడిన ముందు పన్ను, ముక్కుపుడక, ఎండకు కమిలిన బుగ్గలు అని విడిగా రాశాను. ఇప్పుడు ఆవిడ వానలో చూరు కింద నిలబడి ఉంది, మనవరాలి పోలికే లేదు. ప్రీసెట్ రెండు వరుసలకు తగ్గింది, ఉంచుతున్నాను. చేపలు పట్టేవాడి భార్య ముఖం ఇంకా రాయాలి.