నిరూపించమంటే అడ్డగుణకారం చేయొచ్చా?

పదోక్లాసు_సందేహం: కాస్ / (1 − సైన్) = (1 + సైన్) / కాస్ అని నిరూపించాలి. కోణం అంతటా తీటాయే, ప్రతిసారీ రాయట్లేదు. అడ్డగుణకారం చేస్తే కాస్² = 1 − సైన్². ఇది తెలిసిందే కదా, అయిపోయింది. సరేనా?

లెక్కలపంతులు: సరి కాదు. ఏది నిరూపించాలో దాన్నే మొదటి లైన్లో నిజమని రాసేశారు. ఎడమవైపు నుంచి మొదలెట్టండి. లవహారాలు రెంటినీ (1 + సైన్)తో గుణిస్తే పైన కాస్ (1 + సైన్), కింద 1 − సైన్², అంటే కాస్². ఒక కాస్ కొట్టేస్తే కుడివైపు వచ్చేసింది.

గోదారిగట్టు: పంతులుగారూ, ఆ అబ్బాయి లైన్లు కింది నుంచి పైకి చదవండి. కాస్² = (1 − సైన్)(1 + సైన్). రెండువైపులా కాస్ (1 − సైన్)తో భాగిస్తే అడిగిందే వస్తుంది. తప్పేముంది?

లెక్కలపంతులు: వెనక్కి రావచ్చని అతను రాయలేదుగా. ఈ అలవాటుతోనే సైన్ = √(1 − కాస్²) కూడా రుజువు చేసేస్తారు. వర్గం చేస్తే సైన్² = 1 − కాస్², నిజమే. 270° పెట్టి చూడండి: ఎడమన −1, కుడిన 1.

గోదారిగట్టు: అది వర్గం తెచ్చిన తంటా. వర్గం చేశాక గుర్తు పోతుంది, వెనక్కి రాలేం. సున్నా కానిదాంతో గుణిస్తే రావచ్చు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తారేంటి?

చదువరి77: పదో తరగతిలో 270° ఎక్కడిదండీ, లఘుకోణాలేగా.

గోదారిగట్టు: తెచ్చింది ఆయనే. సరే, అక్కడ 1 + సైన్ ఎంత? సున్నా! ఎడమవైపు 0/2, కుడివైపు 0/0. మీ "సరైన" పద్ధతిలో లవహారాల్ని సున్నాతో గుణించారు. కూడదని ఎక్కడ రాశారు?

లెక్కలపంతులు: వెటకారం వద్దు. కాస్ హారంలో ఉంది, సున్నా కాకూడదని ప్రశ్నలోనే తెలుస్తోంది.

గోదారిగట్టు: అడ్డగుణకారానికీ ఆ ఒక్క షరతే చాలు. మీరు రాయకపోతే తెలిసినట్టు, అతను రాయకపోతే తప్పు!

లెక్కలపంతులు: పేపరు దిద్దేవాడికి కనిపించేది కాగితం మీది వరుసే. మనసులో ఏముందో దానికి మార్కులు వేయలేడు.

గోదారిగట్టు: అదీ సంగతి. లెక్క తప్పని కాదు, మార్కు పోతుందని. ఆ మాట ముందే అనొచ్చుగా.

దారినపోయే_దానయ్య: ఎడమలోంచి కుడి తీసేయండి. హారం కాస్ (1 − సైన్), లవం కాస్² − (1 − సైన్²), అంటే సున్నా. గొడవే లేదు.

పదోక్లాసు_సందేహం: నేను రాసినదాని కింద "కాస్ ≠ 0 కాబట్టి ఈ మెట్లన్నీ వెనక్కీ వర్తిస్తాయి" అని చేరిస్తే?

లెక్కలపంతులు: చేరిస్తే అభ్యంతరం లేదు. ఎవరూ చేర్చరు, అదే నా బాధ.

గోదారిగట్టు: అయితే పైన "సరి కాదు" అన్నది కూడా కొట్టేయండి.