మెథోట్రెక్సేట్ చాలనప్పుడు టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్‌కి వెళ్లాలా?

గోదారిగట్టు: అమ్మకి 58. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం). ఆర్నెల్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ 20 మి.గ్రా. వేసుకుంటున్నా పొద్దున్న గంటన్నర దాకా గుప్పిట ముడవలేదు, జడ నేనే వేస్తున్నా. డాక్టర్ గారు టీఎన్ఎఫ్‌ని ఆపే అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదామంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_పద్మ: వద్దండీ. టీఎన్ఎఫ్ ఒంట్లో ఊరికే ఉండే ప్రొటీన్ కాదు. లోపల నిద్రపోతున్న టీబీ క్రిమి చుట్టూ గోడ కట్టి ఉంచడానికి అది కావాలి. దాన్ని ఆపాక మూడో నెలలో మా నాన్నకి టీబీ బయటపడింది.

కీలు_మేలు: పద్మగారూ, అది నిజమే, కానీ సగమే. అదే టీఎన్ఎఫ్ కీలు లోపలి పొరలో అదుపు తప్పితే ఐఎల్-6 లాంటి వాపు పెంచే ప్రొటీన్లను కూడా రెచ్చగొట్టి, ఎముకను కొరికే కణాలను పెంచుతుంది. ఇన్ని ప్రొటీన్లుండగా ఒక్కదాన్ని ఆపితే ఏం లాభం అని చాలామంది అనుకునే రోజుల్లో, 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే పరిశోధకులు టీఎన్ఎఫ్‌ని ఆపే మందు రోగులకిచ్చి చూస్తే వాపులు తగ్గాయి.

ఓరుగల్లు_పద్మ: లండన్ సంగతి నాకెందుకు? నేను మా నాన్న గురించి చెబుతున్నా.

చిట్టిమల్లె: మా అక్కకి రక్తపరీక్షలో ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, నొప్పులేం లేవు. తనకీ ఇంజెక్షన్ కావాలా?

కీలు_మేలు: అక్కర్లేదమ్మా, ఆ ఒక్క రిపోర్టుతో జబ్బున్నట్టు కాదు. పద్మగారూ, ఇంజెక్షన్‌కి ముందు టీబీ పరీక్ష చేశారా? చర్మం మీద చేసే మాంటూ గానీ, రక్తంతో చేసే ఇగ్రా గానీ, ఛాతీ ఎక్స్‌రే? క్రిమి ఉందని తేలితే ముందు టీబీ నివారణ మందులు కనీసం ఒక నెల వాడాలి. ఇలాంటి భయంతోనే నేను నాలుగేళ్లు వాయిదా వేశాను. కుడి మణికట్టు అతుక్కుపోయింది, ఇక తిరగదు. మీరు ‘వద్దు’ అని ఒక్క ముక్కలో అనేస్తే ఆ అమ్మకీ అదే గతి పడుతుంది!

ఓరుగల్లు_పద్మ: అరవకండి. పరీక్ష చెయ్యలేదు. మా తాతకి టీబీ ఉండేదా అని కూడా ఎవరూ అడగలేదు, ఉండేది. కాయితం మీద సంతకం పెట్టింది నేను.

కీలు_మేలు: క్షమించండి. అయితే తప్పు మందుది కాదు కదా.

ఓరుగల్లు_పద్మ: అడిగే డాక్టరు దొరికారు కాబట్టి మీరలా అంటున్నారు. అందరూ అడుగుతారన్న నమ్మకం మీకుంది, నాకు లేదు. నా గొడవంతా అదే.

గోదారిగట్టు: మమ్మల్నీ ఎవరూ అడగలేదు. అమ్మమ్మ చాలాకాలం దగ్గు మందులు వాడిందని గుర్తు, అవి దేనికో మామయ్యని అడుగుతా. ఇగ్రా చేయించాకే ఇంజెక్షన్.