ఇంకు వేసేసరికి ముఖం ముసలిదైపోతోంది, తప్పెక్కడ?

కొత్తపాళీ అడిగిన ప్రశ్న:

పెన్సిల్‌లో పోలిక బాగానే వస్తోంది. దాని మీద ఇంకు పడగానే పాతికేళ్ల అమ్మాయి కాస్తా యాభై ఏళ్ల ఆవిడ అయిపోతోంది. బుగ్గ మీద షేడింగ్ గడ్డం మాసినట్టు కనిపిస్తోంది. వాడుతున్నవి: మైక్రాన్ 01, 03, 05 పెన్నులు, ఏ5 స్కెచ్ పుస్తకం, ఫోన్‌తో ఫ్లాష్ వేసి తీసిన ఫొటో. పద్ధతి: హెచ్‌బీతో మొత్తం గీసి, 03తో అంచులన్నీ కట్టి, తర్వాత క్రాస్ హ్యాచింగ్ (నీడ కోసం దగ్గర దగ్గరగా గీతల వరసలు, వాటి మీద అడ్డంగా ఇంకో వరస). చివర్లో రబ్బరు పెడితే నలుపు కూడా వెలిసిపోతోంది. మంచి కాగితం కొంటే సరిపోతుందా, పద్ధతే మార్చాలా?

నీడపట్టు:

ముందు సైజు చూడండి. ఏ5లో తల ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు అనుకుందాం. వెడల్పు ఆరుకు కాస్త తక్కువ. ఎదురుగా చూస్తే తల వెడల్పు సుమారు ఐదు కళ్లంత, అంటే ఒక్కో కన్ను సెంటీమీటరు పైచిలుకు. పై రెప్పకూ దాని మడతకూ మధ్య జాగా ఒక మిల్లీమీటరు ఉంటే గొప్ప. 01 అంటే 0.1 కాదండీ, 0.25 మి.మీ. 03 అంటే 0.35. ఆ సందులో ఇలాంటి గీతలు రెండు పడ్డాయంటే కన్ను వాచినట్టే ఉంటుంది. ఏ4కి మారి తలను 15-16 సెం.మీ. చేయండి. కళ్లకూ పెదవులకూ 005 (0.20) తీసుకోండి.

రెండోది అంచులు కట్టడం. వయసు పెంచేది ఎక్కువగా ఇదే. ముక్కు పక్క నుంచి మూతి చివరకు దిగే మడత, కింది రెప్ప కింద గుంత, ముక్కు దూలం, పళ్ల మధ్య సందులు: ఈ నాలుగింటికీ గీత వేయొద్దు. పాతికేళ్ల ముఖంలో అక్కడ మడత ఉండదు, వెలుగు నెమ్మదిగా నీడలోకి తిరుగుతుంది, అంతే. పెన్సిల్ గీతైతే లేతగా కలిసిపోతుంది. ఇంకు గీతకు లేత అనేదే లేదు కాబట్టి అదే చోట ముడతగా తేలుతుంది. పళ్లకు చిగురు దగ్గర చిన్న చుక్కలు, మూతి చివర్ల నీడ చాలు.

వెలుగుపక్క:

పై మాటకు తోడు, అసలు ఆ ఫొటోనే పక్కన పెట్టేయమంటాను. ఎదురుగా ఫ్లాష్ పడితే నీడలన్నీ చచ్చిపోతాయి. లేని నీడను మీరు ఊహించి హ్యాచింగ్ చేస్తున్నారు, అందుకే బుగ్గంతా మాసిపోతోంది. కిటికీ పక్కన, ఒకవైపు నుంచే వెలుగు పడేలా కూర్చోబెట్టి, మనిషికి మీటరున్నర దూరంలో నిలబడి జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. పోలిక చెడిందని తర్వాత పెన్సిల్‌ను తిట్టుకోవడం దండగ.

ఫొటోను నలుపు తెలుపు చేసి, కళ్లు సగం మూసి చూస్తూ, అయిదు సెంటీమీటర్ల చిన్న బొమ్మ వేయండి. మూడే మెట్లు: తెలుపు, మధ్య, నలుపు. తెలుపు అంటే ఖాళీ కాగితం. పూర్తి నలుపు కనుపాపకు, ముక్కురంధ్రాలకు, పెదవుల మధ్య గీతకు, జుట్టు లోతుకు, మెడ మీద పడే నీడకు మాత్రమే. వెలుగు పడే బుగ్గ మీద ఒక్క గీత కూడా వద్దు. కంటి తెల్లగుడ్డును మాత్రం పూర్తి తెల్లగా వదలకండి, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది.

గీతలెక్క:

క్రాస్ హ్యాచింగ్‌కు చిన్న లెక్క ఉంది. 0.2 మి.మీ. గీతల మధ్య 0.8 జాగా వదిలితే కాగితంలో 20 శాతం నల్లబడుతుంది. అంతే ఎడంతో అడ్డంగా రెండో వరస వేస్తే 36, మూడోది కూడా వేస్తే 49. అంటే రెండు వరసలకే మధ్యస్థం దాకా వచ్చేశారు. చిన్న వయసు ముఖంలో నీడవైపు బుగ్గకు ఒకటే వరస వేసి, దవడ కిందకు వెళ్లాక రెండోది మొదలుపెట్టాలి.

రెండో వరస 90 డిగ్రీల్లో పడితే వల కప్పినట్టుంటుంది. 20-30 డిగ్రీలే తిప్పండి. గీత బుగ్గ గుండ్రం వెంబడి వంగాలి. వెలుగువైపు చేరేసరికి పెన్ను ఎత్తేస్తూ సన్నగా వదలాలి. ఒకచోట టక్కున ఆగితే చివరలన్నీ వరసగా కలిసి ఇంకో అంచు తయారవుతుంది. మీ గడ్డం సమస్యలో సగం అదే అయ్యుండొచ్చు.

కొత్తపాళీ:

అర్థమైంది, అంచులు కట్టడం మానేస్తాను. రబ్బరు సంగతి? అలాగే ముంచి రాసే పాళీకి మారితే గీత లేతగా వస్తుందా?

నీడపట్టు:

వెలిసిపోవడానికి కారణం గ్రాఫైట్, అంటే పెన్సిల్ ములుకు పొడి. దట్టంగా ఉంటే ఇంకు కాగితంలోకి దిగదు, దాని మీదే కూర్చుంటుంది. రబ్బరుతో గ్రాఫైట్ లేస్తే ఇంకూ లేస్తుంది. ఇంకు వేయకముందే మెత్తని నీడెడ్ రబ్బరును (పిండిలా పిసికి వాడేది) అద్ది అద్ది, గీత కనీకనిపించకుండా తగ్గించండి. రుద్దొద్దు, పీచు లేచి ఇంకు పాకుతుంది.

పాళీతో గీత లేతగా రాదు, సన్నగా మొదలై లావై మళ్లీ సన్నబడుతుంది. చర్మానికి అది మేలే. కొత్త పాళీ మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. స్పిరిట్‌తో తుడవకపోతే ఇంకు నిలవక బొట్లుగా జారుతుంది. గీతను మీవైపు లాగండి. ముందుకు తోస్తే మొన పీచులో చిక్కి చిమ్ముతుంది. నున్నటి బ్రిస్టల్ బోర్డు (బొమ్మలకు వాడే మందపాటి అట్ట) అయితే ఈ బాధ తక్కువ. లక్క కలిసిన ఇండియన్ ఇంకును ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, లోపలే గడ్డకడుతుంది.

నిజంగా లేత నీడే కావాలంటే ఇంకులో నీళ్లు కలిపి కుంచెతో వేయడమే దారి. మూడు గిన్నెల్లో మూడు పలచదనాలు పెట్టుకుని, లేతది ముందు, ఆరాక తర్వాతది. ఆరితే ఇంకాస్త లేతబడుతుంది కాబట్టి ముక్క కాగితం మీద చూసుకున్నాకే ముఖం మీదకు రండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) హాట్ ప్రెస్ కాగితం, అంటే నున్నటి మందపాటి కాగితం తీసుకోండి, స్కెచ్ పుస్తకం కాగితం తడికి ముడుచుకుపోతుంది.