క్రాస్‌కట్ శాటిన్ గౌనులో పక్క కుట్టు ముందుకు తిరుగుతోంది, సరిచేయడం ఎలా?

1933 నాటి హాలీవుడ్ సినిమా ‘డిన్నర్ ఎట్ ఎయిట్’లో నటి జీన్ హార్లో కోసం డిజైనర్ ఏడ్రియన్ రూపొందించిన తెల్ల శాటిన్ గౌను తరహాలో ఒకటి కుడుతున్నాను. బట్ట క్రేప్ బ్యాక్ శాటిన్, 44 అంగుళాల పన్నా. పడుగుకు (నిలువు దారాలకు) సరిగ్గా 45 డిగ్రీల్లో, అంటే క్రాస్‌లో, ముందు ఒక ముక్క, వెనక ఒక ముక్క కోశాను. పక్కల అంగుళంన్నర వదిలి, కుట్టే ముందు 48 గంటలు వేలాడదీశాను. 60 నంబరు సూది, సన్నని జిగ్‌జాగ్: వెడల్పు 0.5, పొడవు 2.5. కుట్టు ముడతలు పడలేదు.

చిక్కల్లా ఎడమ పక్క కుట్టుతోనే. నడుము దాకా నిటారుగా ఉండి, మోకాలి దగ్గరికి వచ్చేసరికి రెండంగుళాలు ముందుకు తిరుగుతోంది. కుడి పక్క బాగానే ఉంది. పడుగూ పేకా (అడ్డ దారాలు) ఒకేలా సాగవు కాబట్టి, ముక్కలో ఒక పక్క ఎక్కువ జారుతోందని నా అంచనా.

ముందూ వెనకా మధ్యలో కుట్టు పెట్టి, బట్ట దారాల వాలు రెండు వైపులా అద్దంలో బొమ్మలా వచ్చేట్టు నాలుగు ముక్కలుగా కోస్తే ఇది ఆగుతుందా? కానీ శాటిన్ మెరుపు మీద నడిమి కుట్టు గీతలా కనబడుతుంది, ఆ గౌను అందమంతా ఆ నునుపులోనే కదా. కుట్టు విప్పి, మనిషికి తొడిగి, గుండుసూదులతో మళ్లీ సర్దితే సరిపోతుందా?

ఎడమ పక్క జిప్పు లేదు, టిచ్ బటన్లూ హుక్కులే. ఆ పట్టీ నిలువు దారంలో కోశాను. అది సాగకపోవడం వల్లే ఇలా లాగుతోందా? పట్టీ కూడా క్రాస్‌లోనే కోయాలా? ఇలాంటివి కుట్టిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు. అడుగు అంచు ఇంకా మడవలేదు.